పరామర్శలకు వెళ్ళే విద్యార్థి

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ సరిగా తెలియదు. ఒమన్‌లోని నిజ్వాలో ఒక ప్రైవేటు కాలేజీలో విదేశీ విద్యార్థుల సలహాదారుగా పనిచేశాను. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళతో మాట్లాడడం, తిండి పడనివాళ్ళ కోసం మెస్ వాళ్ళతో మాట్లాడడం, నిద్రపట్టనివాళ్ళను డాక్టరు దగ్గరికి పంపడం. "అంటే వార్డెనా?" అని అడిగేవారు. కాదనేవాణ్ణి. "మరి లెక్చరరా?" అదీ కాదు. "మరి జీతం దేనికి బావా?" అని మా బావమరిది ఒకసారి అడిగాడు. నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న నేనూ అప్పుడప్పుడు వేసుకునేవాణ్ణి.

ఇప్పుడు మన పిల్లలు కొందరు ఇదే పనికి చదువుకుని, పరీక్షలు రాసి మరీ వస్తున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు నన్ను అనుభవాలు రాయమన్నారు. సవ్యంగా ముగిసినవి చాలానే ఉన్నాయి, వాటిలాంటివి మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాని ఒక సంగతి మాత్రం రాస్తాను.

మా విభాగం చిన్నది. దానికి అధిపతి ఒక ఒమానీ పెద్దమనిషి. నిజ్వాలోనే పుట్టి పెరిగినవాడు. నన్ను "ఉస్తాద్" అనేవాడు, నేనూ ఆయన్ని అలాగే పిలిచేవాణ్ణి. ఇద్దరికీ ఇంగ్లీషు చాలనప్పుడు హిందీలోకి దిగేవాళ్ళం. వారానికోసారి మస్కట్ నుంచి ఒక సైకాలజిస్టు వచ్చేది, ఈజిప్టు ఆవిడ. ఇక హాస్టల్ బస్సు డ్రైవరు. అతనిది కడప. ఇంట్లో ఉర్దూ, నాతో కడప తెలుగు. లెక్క ప్రకారం అతను మా విభాగం మనిషి కాదు గానీ, పిల్లల గురించి మాకు తెలిసిన సంగతుల్లో సగం అతని దగ్గర్నుంచి వచ్చినవే.

ఆ సంవత్సరం చేరిన కొత్తవాళ్ళలో టాంజానియా వాళ్ళు, సూడాన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు ఉన్నారు. మనవాడు ఒకడే. జగిత్యాల దగ్గర పల్లెటూరు. మేనమామ ఒమన్‌లోనే, దక్షిణాన సలాలా పోర్టులో పనిచేస్తాడు. ఇక్కడ డిప్లొమా చేస్తే తమ కంపెనీలోనే పని దొరుకుతుందని ఆయనే చేర్పించాడు. పిల్లవాడు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏది అడిగినా ముందు నవ్వి, తరవాత జవాబు చెప్పేవాడు. మొదటి నెలల్లో నా గదికి ఒకే ఒకసారి వచ్చాడు, మెస్‌లో పచ్చడి ఉంటే బాగుంటుందని చెప్పడానికి.

చలికాలం మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం డ్రైవరు నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సార్, మీ పిల్లోడు సబ్లాలో కూచోనుండాడు."

సబ్లా అంటే ఒక్కో పేటకూ ఉమ్మడిగా ఉండే పెద్ద హాలు. గోడల వెంబడి దిండ్లు పరిచి ఉంటాయి. పండగ పలకరింపులు, పెళ్ళి మాటలు, తగవుల తీర్పులు అక్కడే. ఎవరైనా చనిపోతే మూడు రోజులు పరామర్శలూ అక్కడే. చనిపోయినవాళ్ళ ఇంటి మగవాళ్ళు వరసగా నిలబడతారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరి చేయీ పట్టుకుని ఒక ఓదార్పు మాట చెప్పి, వెళ్ళి కూర్చుంటారు. ఖర్జూరాలు, కాఫీ తీసుకుని, కాసేపు ఉండి లేస్తారు. ఎవరైనా రావచ్చు. నువ్వెవరని అడగరు.

"ఎవరు పోయారు?" అన్నాను.

"యాడనో ముసలాయప్ప. ఆ పిల్లోనికేం సంబంధం లేదు. పోయిన వారం గూడ ఇంగో పేటలో సూసినా. ఒక్కడే వస్తాడు, ఒక్కడే పోతాడు."

"తిండి కోసమా?"

"ఖర్జూరం ఒకటి తింటాడు. తిండికయితే పెండ్లికి పోతాడు గాని, పరామర్శకెందుకు పోతాడు సార్?"

మరునాడు కాలేజీలో కనబడితే అడిగాను. నవ్వాడు.

"ఊకెనే వోయిన సార్. ఆడ కూసుంటె మంచిగనిపిస్తది."

"వాళ్ళు నీకు తెలుసా?"

"తెల్వది సార్. ఎవ్వలు ఏమడగరు."

"ఇంటి దగ్గర అంతా బాగున్నారా?"

"మంచిగనే ఉన్నరు సార్. అమ్మ దినాం ఫోన్ చేస్తది."

క్లాసులు పెద్దగా మానలేదు. మార్కులు తగ్గలేదు. నేను విషయాన్ని మా ఒమానీ పెద్దాయన చెవిన వేశాను. ఊరివాళ్ళు తప్పుగా అనుకుంటారేమోనని నా భయం. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ ఏడు కాలేజీ తెరిచిన కొత్తలో కొత్త విద్యార్థులందర్నీ ఆయనే ఒక సబ్లాకు తీసుకెళ్ళాడు. చెప్పులు ఎక్కడ విడవాలో, కాఫీ కప్పు ఏ చేత్తో అందుకోవాలో, ఇక చాలని చెప్పడానికి కప్పును ఎలా కదిలించాలో చూపించాడు. ఏటా చేసే పనే. ఏటా పిల్లలు నవ్వుకుని, ఫోటోలు తీసుకుని, మరిచిపోయేవారు. ఈ ఒక్కడు గుర్తుపెట్టుకున్నాడు.

"మా పేటలో పరామర్శకు వచ్చినప్పుడు నేనూ చూశాను ఉస్తాద్. మా కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఇతను అంతసేపూ ఫోన్ బయటికి తీయలేదు. మేమంతా చేసే పని ఇందుకే కదా?"

సైకాలజిస్టు ఏటా పంచే ప్రశ్నావళి ఒకటుండేది. స్థానికులతో కలుస్తున్నావా, వాళ్ళ తిండి తింటున్నావా, వాళ్ళ కార్యక్రమాలకు వెళ్తున్నావా అని. ఆ ఏడు అందరికన్నా బాగా కుదురుకున్న విద్యార్థి మనవాడేనని తేలింది. ఆవిడా సంతోషించింది. కాలేజీలో విదేశీ విద్యార్థుల సభ ఒకటి రాబోతోంది. అందులో కొత్త చోట ఎలా కలిసిపోవాలో ఇతని చేత నాలుగు మాటలు చెప్పించాలని పెద్దాయన నిర్ణయించాడు. పిల్లవాడితో చెప్తే, "నేనేం మాట్లాడ్త సార్" అని నవ్వాడు.

మా అనుభవం అంతా పనికిరానిదేమీ కాదు. ఏడ్చేవాళ్ళను గుర్తుపట్టగలం. గది తలుపు వేసుకునేవాళ్ళను, తినడం మానేసినవాళ్ళను గుర్తుపట్టగలం. బాగున్నవాణ్ణి అనుమానించడం మాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పటికీ ఎలా నేర్పాలో నాకు తెలియదు.

మంచి వార్త ఇంటికి చెప్పడం కూడా నా పనే. సలాలాకు ఫోన్ చేశాను.

"మీవాడు ఇక్కడ బాగా కలిసిపోయాడండీ," అన్నాను మేనమామతో. "ఊళ్ళో ఎవరు పోయినా వెళ్ళి పరామర్శించి వస్తున్నాడు. ఒమానీలే మెచ్చుకుంటున్నారు. రేపు సభలో మాట్లాడబోతున్నాడు."

 ఆయన గొంతు తగ్గించాడు.

"ఎవలు వోతే సార్?"

"ఎవరైనా సరే. తెలిసినవాళ్ళు కూడా కాదు."

"వానికి తెలిసిందా సార్?"

"ఏం తెలిసిందా?"

అప్పుడు చెప్పాడు. పిల్లవాడి తండ్రి పోయి నెల దాటింది. పొలంలో మోటరు వేయడానికి వెళ్ళి, స్టార్టర్ డబ్బా దగ్గర కరెంటు షాక్ కొట్టి అక్కడికక్కడే పోయాడు. తాను సలాలా నుంచి వెళ్ళి కార్యం చూసి వచ్చాడు. పిల్లవాడికి చెప్పలేదు.

"పరీక్షలయ్యేదాంక చెప్పొద్దని మా అక్క ఒట్టు వెట్టించుకుంది సార్. వచ్చినా మొకం జూస్తడా, శవాన్ని ఎంత సేపుంచుతరు? ఏడాది వోతది. ఆడ ఒక్కడే ఏడుస్తడు, పట్టుకునేటోడు లేడు. పరీక్షలు గాంగనే నేనే వచ్చి తోల్కవోత. మీరు చెప్పకుండ్రి సార్, మీకు దండం వెడ్త."

ఫోన్ పెట్టేశాను. ఆ కుటుంబం చేసింది నాకు కొత్తది కాదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ఇంటి చావులు ఇలాగే ఆలస్యంగా అందుతాయి. దూరంలో ఉన్నవాడికి చెప్పకపోవడం ప్రేమ కిందే లెక్క. నాకు అర్థం కానిది పిల్లవాడి సంగతి. తెలిసి వెళ్తున్నాడా? తెలిస్తే ఇంటి మీద విరుచుకుపడాలి కదా. తెలియకుండా వెళ్తున్నాడా? అలాంటిది ఎక్కడైనా ఉంటుందా?

ఒమానీ పెద్దాయన గదికి వెళ్ళి చెప్పాను.

"కొడుక్కి చెప్పలేదా?"

"పరీక్షలున్నాయని."

"తండ్రి పోతే జనం కొడుకు చేయి పట్టుకోవాలి. అతను వరసలో నిలబడాలి. అతనే లేకపోతే వాళ్ళు ఎవరి చేయి పట్టుకుంటారు?"

నేను వివరించబోయాను. దూరం, సెలవు, వీసా, ఏడాది చదువు, వెళ్ళినా ముఖం చూడలేకపోవడం, ఒంటరిగా ఏడవడం. నేను చెప్పినవన్నీ నిజాలే. ఆయన ముందు పెడుతూంటే ఒక్కటీ గట్టిగా నిలవలేదు. అలాగని ఆయన మాటే సరైనదని కూడా అనిపించలేదు. జగిత్యాల పక్క పల్లెలో ఆ తల్లి ఏమాలోచించి ఒట్టు వేయించుకుందో నేను ఊహించగలను. ఆయన ఊహించలేడు.

సైకాలజిస్టుకు ఫోన్ చేశాం. చెప్పక తప్పదంది. అయితే ఇంటి మనిషి చెప్పాలి, మనం కాదు, మేనమామను పిలిపించండి అంది. "అతనికి ముందే తెలిసి ఉంటే?" అని అడిగాను. "అప్పుడు నాకూ తెలియదు" అంది. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

సలాలా నుంచి బస్సు ఎడారి దాటి నిజ్వా పక్కన ఫిర్క్ కూడలిలో దింపుతుంది. రాత్రంతా ప్రయాణం. మేనమామను తీసుకురావడానికి డ్రైవరు, నేను పొద్దున్నే బయల్దేరాం. దారిలో డ్రైవరుకు విషయం చెప్పాను. అతను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

"మా యమ్మ సచ్చిపోయినప్పుడు నాకూ జెప్పలే సార్. నేను ఈ దేశంలోనే సోహార్‌లో కొత్తగా డ్యూటీలో చేరినా. కంపెనీ లీవ్ ఇయ్యదు, ఊరికే ఏడుస్తాడు అని మా యన్న అనుకున్నాడు. లీవ్ మీద పోతే స్టేషన్‌లో దిగంగానే, ఇంటికి పోయే ముందర ఒక చోటికి పోదాం పా అన్నాడు. నేరుగా ఖబరస్తానుకు తోడుకోని పోయినాడు."

"ఏం చేశావు?"

"ఏడుపు రాలే. ఆకలైతాంది, ఇంటికి పోదాం పా అన్నా మా యన్నతో. దానికి ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు."

"నీకు అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదా?"

"అదే తెల్దు సార్. ఒక్కోసారి బాగుండు అనిపిస్తది. ఒక్కోసారి, పాపం, నాకోసం ఎన్ని అబద్ధాలాడినారో అనిపిస్తది. మీ పిల్లోడు మాత్రం నా మాదిరి మొద్దు కాదులే."

మేనమామ బస్సు దిగాడు. నలభై దాటిన మనిషి. ఒక చేతిలో బ్యాగు, ఒక చేతిలో సంచి నిండా సలాలా అరటిపళ్ళు. చిన్న పళ్ళు, అప్పుడే పండుతున్నవి. చావు కబురు చెప్పడానికి వస్తూ కూడా పిల్లవాడి దగ్గరికి ఉత్త చేతులతో రాలేకపోయాడు. దారంతా ఆ సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. "ఎట్ల మొదలువెట్టాలె సార్?" అని రెండుసార్లు అడిగాడు.  

నా గదిలో మేనమామ, నేను కూర్చున్నాం. పెద్దాయన తన గదిలో ఉన్నాడు. క్లాసు అయ్యాక పిల్లవాణ్ణి రమ్మన్నాను. తలుపు తీసి మేనమామను చూశాడు. తరవాత బల్ల మీది అరటిపళ్ళ సంచిని చూశాడు. నవ్వలేదు.

"నువ్వెందుకొచ్చినవ్ మామా?"

"ఊకెనే. సూసివోదామని."

"పరీక్షలున్నయి గద. పరీక్షలైనంక వస్త అంటివి."

మేనమామ నావైపు చూశాడు. పిల్లవాడు తలుపు మూసి, దానికే ఆనుకుని నిలబడ్డాడు.

"చెప్పకు మామా," అన్నాడు.

మేనమామ కుర్చీలోంచి సగం లేచాడు.

"నువ్వు చెప్పినవంటె ఇగ అమ్మతోని ఎట్ల మాట్లాడాలె? దినాం ఫోన్ చేస్తది. నాయన యాడికి వోయిండు అంటె పొలం దిక్కు అంటది. నేను సరే అంట. నువ్వు చెప్పినవంటె ఆమె అట్ల అననీకె రాదు, నేను అననీకె రాదు."

మేనమామ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను కుర్చీ చూపించాను. పిల్లవాడు కూర్చున్నాడు.

"నీకెట్లా తెలిసింది?" అని అడిగాను.

"ముందుగాల చెల్లెను ఏమననని చెప్పమను సార్."

"అననురా," అన్నాడు మేనమామ చేతుల్లోంచే.

చెల్లెలు ఇంటర్ చదువుతోంది. తండ్రి ఫోటో వాట్సాప్ స్టేటస్‌గా పెట్టింది. అన్న ఒమన్ నంబరుకు కనబడకుండా చేసింది. ఇండియా నంబరు మరిచిపోయింది. అది అతని గదిలో పాత ఫోన్‌లో ఉంది.

"ఫోటో కింద రెండు చేతులు మొక్కిన బొమ్మ. అంతే సార్, ఇంకేం రాయలే. మళ్ళొకసారి సూద్దమంటె తీసేసింది. ఎవలో చెప్పి ఉంటరు."

"ఎవర్నీ అడగలేదా?"

"ఏమని అడగాలె? ఉత్త ఫోటో గూడ కావచ్చు గద. పుట్టినరోజు కావచ్చు."

"మీ నాన్న పుట్టినరోజు ఎప్పుడు?"

"తెల్వది సార్. ఆయనకు గూడ తెల్వకుండె."

అడిగితే చెల్లెలు దొరికిపోతుంది. ఇంట్లో అంతమంది కట్టుకున్న కట్టు ఆ పిల్ల వల్ల తెగిందని తెలుస్తుంది. అడగకపోతే తండ్రి పోయాడో లేదో పూర్తిగా తెలియదు. ఈ రెంటి మధ్య ఆ పిల్లవాడు నెలరోజులు నవ్వుతూ తిరిగాడు. మేము అతణ్ణి సభలో మాట్లాడమన్నాం.

"మరి సబ్లాకు ఎందుకు వెళ్ళావు?"

అతను బల్ల మీది సంచి అంచు సరిచేస్తూ చెప్పాడు.

"ఫోటో సూసిన రోజు బజార్ల తిరిగిన సార్. ఆ సబ్లా ముంగట చెప్పులు శానా కనవడ్డయి. కొత్తల పెద్దసార్ తోల్కవోయిండు గద మమ్ముల, ఎట్ల కూసోవాలెనో ఎరికే. లోపటికి వోయిన. లైన్‌ల నిలవడ్డోళ్ళు నా చెయ్యి వట్టుకున్నరు. నేనే వాళ్ళకు చెప్పాలె గని, వాళ్ళే ఏదో అన్నరు. అర్థం గాలె. గని గట్టిగ వట్టుకున్నరు. మళ్ళ ఇంకో కాడికి వోయిన."

అప్పుడు అతని జేబులో ఫోన్ మోగింది. క్లాసు అయ్యే వేళకు తల్లి రోజూ చేస్తుందట. మేనమామ ఎత్తొద్దన్నట్టు చేయి అడ్డంగా ఊపాడు. అతను ఎత్తాడు. గది చిన్నది. అవతలి మాట మాకూ వినబడుతోంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా. నాయనేడి?"

"పొలం దిక్కు వోయిండు బిడ్డా. వచ్చినంక చెప్త నువ్వు అడిగినవని."

అతను మేనమామ వైపు చూశాడు.

"అమ్మా, మామ వచ్చిండు. నా కాడనే ఉన్నడు."

 అవతల దూరంగా ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడూ ఆగిపోయింది. చెల్లెలేమో. చివరికి తల్లి మాట్లాడింది, మామూలు గొంతుతోనే.

"మామ తిన్నడా?"

"లేదు."

"ముందుగాల ఇద్దరు తినుండ్రి."

ఆ తరవాత ఆమె ఏడుపు మొదలైంది. ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. పిల్లవాడు దాన్ని చెవికి పట్టుకునే ఉన్నాడు. అటు ఏడుపు ఎంతసేపు సాగిందో ఇటు అతను అంతసేపూ "ఊ" కొడుతూనే ఉన్నాడు, చిన్నపిల్లలు కథ వింటూ ఊకొట్టినట్టు. నేను గదిలోంచి వెళ్ళిపోవాలా, ఉండాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఫోన్ అయ్యాక అతను మేనమామను ఒక్కటే అడిగాడు.

"తలగొరివి ఎవలు వెట్టిండ్రు?"

"చెల్లెనే. నేనే వెడ్త అని మొండికేసింది. ఎవలం ఆపలె."

పిల్లవాడు సంచిలోంచి ఒక పండు తీసి, ఒలిచి, మేనమామ చేతిలో పెట్టాడు. "తిను మామా. అమ్మ తినమన్నది." తరవాత తానొకటి తీసుకున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు.

పరీక్షలు రాయాలా, ఇంటికి వెళ్ళాలా అన్న ప్రశ్నకు జవాబు మేము చెప్పాల్సిన పని లేకపోయింది. వెళ్తానన్నాడు. ఆ సెమిస్టరు పోయింది. తిరిగొచ్చి మళ్ళీ చదివాడు. డిప్లొమా పూర్తిచేశాడు గానీ సలాలా కంపెనీలో పని దొరకలేదు, ఇంకెక్కడో దొరికింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు తిన్నారా సార్ అని అడుగుతాడు. చెప్పకుండా ఉంచి ఉంటే పరీక్షలు రాసేవాడేమో, ఏడాది కలిసొచ్చేదేమో. రాయగలిగేవాడు కూడా. ఆ తల్లి లెక్క తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ ప్రశ్నావళిని మారుద్దామని మేమూ సైకాలజిస్టూ చాలాసార్లు కూర్చున్నాం. ఏ ప్రశ్న కలపాలో, ఏది తీసేయాలో తేలలేదు. నేను రిటైరయ్యేదాకా అదే నడిచింది.

ఇక మేనమామ వచ్చిన మరునాటి సంగతి.

పిల్లవాడి టికెట్ సాయంత్రానికి దొరికింది. పొద్దున పెద్దాయన నా గదికి వచ్చి, అతను ఇక్కడ ఒకసారి వరసలో నిలబడి వెళ్తే బాగుంటుంది అన్నాడు. తన పేట సబ్లా అడిగాడట. తాళం ఉన్న పెద్దమనిషి కాదనలేదు, మిగతావాళ్ళను అడిగి చెప్తానన్నాడు. కొందరు సరే అన్నారు. కొందరు పోయినవాడు మన మతం కాదు కదా అన్నారు. అది తేలేటట్టు లేదు. అందుకని హాస్టల్ మెస్ హాల్లో బల్లలు పక్కకు జరిపించాడు.

"మీకు మూడు రోజులే కదా," అన్నాను. "ఆయన పోయి నెల దాటింది."

"నియమం ఏమిటో నాకూ తెలియదు ఉస్తాద్. కానీ ఈ పిల్లవాడికి మొదటి రోజు నిన్నే."

అది సరైన పనో కాదో నాకు తెలియలేదు. పిల్లవాడు ఒప్పుకున్నాడు. మేనమామ మాత్రం పంతులు లేకుండా ఇదేం పద్ధతి అన్నట్టు బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు. డ్రైవరు కాఫీ ఫ్లాస్కులు తెచ్చాడు. ఖర్జూరాల పళ్ళెంలో మిగిలిన అరటిపళ్ళు కూడా పెట్టాడు. ఎవరొస్తారులే అనుకున్నాను. వచ్చారు. హాస్టల్ పిల్లలు వచ్చారు. పాదాల దాకా దిగే తెల్లటి దిష్‌దాషాల్లో పేటల నుంచి ముసలివాళ్ళు వచ్చారు. ఈ పిల్లవాడు ఎవరెవరి పరామర్శలకు వెళ్ళాడో వాళ్ళ ఇళ్ళవాళ్ళు. సబ్లా ఇవ్వడానికి ఒప్పుకోని వాళ్ళలో ఒకాయన కూడా వచ్చాడని తరవాత తెలిసింది.

నేను కాఫీ కప్పులు సర్దుతున్నాను. పెద్దాయన వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

"నువ్వు వరసలోకి రా."

"నేనెందుకు? వాళ్ళింటివాణ్ణి కాదు."

"ఆ రోజు కూడా నువ్వు వంటింట్లో ఉన్నావు."

ఇది కొంచెం చెప్పాలి. అంతకు కొన్నేళ్ళ ముందు నా భార్య మస్కట్ ఆసుపత్రిలో పోయింది. ఆమె నిజ్వాలో పిల్లలకు పాఠాలు చెప్పేది. కాగితాలు తయారై, ఊరికి తీసుకెళ్ళేలోగా రోజులు పట్టింది. ఆ రోజుల్లో కాలేజీ ఒమానీలు మా ఫ్లాటుకు వచ్చి కూర్చునేవారు. వాళ్ళు ఏమీ మాట్లాడకపోతే నేనేదో లోటు చేశానేమోనని వంటింట్లోకి వెళ్ళి టీ పెడుతూ ఉండేవాణ్ణి. వాళ్ళేమో తమ కాఫీ తామే తెచ్చుకున్నారు. ఎప్పుడు లేస్తారా అనుకున్నాను. నిలబడాల్సింది నేనని, వాళ్ళు వచ్చింది నా చేయి కోసమని నాకు తెలియదు. ఊరికి వెళ్ళి కార్యం చేసి, తిరిగొచ్చి డ్యూటీలో చేరాను. చావు గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. వాటిలో ఎక్కడా ఈ సంగతి లేదు.

వరసలో పిల్లవాడు, మేనమామ, చివర నేను. డ్రైవరు మా వెనక, ఎటు నిలబడాలో తేల్చుకోలేక గోడకు ఆనుకున్నాడు. జనం ఒక్కొక్కరే వచ్చి చేయి పట్టుకుని, అరబ్బీలో ఆ ఒక్క మాట చెప్పి కదులుతున్నారు. పిల్లవాడికి అది అటువైపు నుంచి అలవాటైన పని. ఇటువైపు నిలబడి ఏమనాలో తెలియక, కుడిచేయి గుండె మీద పెట్టుకుని తల వంచుతున్నాడు. మేనమామ అతణ్ణి చూసి అలాగే చేస్తున్నాడు.

ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. పిల్లవాడు మొదట వెళ్ళింది ఆయన తమ్ముడి పరామర్శకే. పిల్లవాడి చేతిని వదలకుండా చాలాసేపు మాట్లాడాడు. పిల్లవాడికి ఒక్క ముక్కా అర్థమై ఉండదు. "ఊ" అంటూ విన్నాడు. తరవాత ఆయన మేనమామ చేయి పట్టుకున్నాడు. తరవాత నా ముందుకు వచ్చాడు.

నేనెవరో ఆయనకు తెలియదు. పోయినాయనకు అన్ననో తమ్ముణ్ణో అనుకొని ఉంటాడు. నా చేయి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. అందరూ చెప్పిన మాటే చెప్పాడు. నేను కాదని చెప్పబోయాను. ఏమిటి కాదో ఆయనకు ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. కుడిచేయి ఆయన చేతుల్లోనే ఉంది, అందుకని ఎడమ చేయి గుండె మీద పెట్టుకున్నాను. అది తప్పు చేయి. ఆయన ఏమీ అనుకోలేదు.